పాయసంలో పండు కలపవచ్చునా?

భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మతో హనుమకొండ వేయిస్తంభాల గుడి ఆవరణ నిండిపోయే వేళకు, తంగేడు, గునుగు పూలమోపులతోపాటు సీతాఫలాల గంపలు కూడా వరంగల్ వీధులలోకి వచ్చి చేరుతాయి. నాలుగవనాటి నానబియ్యం బతుకమ్మకు నానిన బియ్యం, పాలు, బెల్లం నివేదన చేస్తారు. ఆ మూడింటినే పొయ్యిమీదికి ఎక్కిస్తే పరమాన్నం అవుతుంది. మన ప్రాంతపు ఇళ్లలో దానినే పాశం అంటారు. కొన్నేళ్లుగా గృహిణులు ఈ పాశంలో సీతాఫలపు గుజ్జో, మామిడిపండు రసమో, అనాస ముక్కలో కలిపి ఫలపాయసమని వడ్డిస్తున్నారు. పిల్లలు ఇష్టంగా తింటున్నారు. పెద్దవారు మాత్రం గిన్నె ముందు కూర్చుని సందేహంలో పడుతున్నారు. పాలలో పండు విరుద్ధాహారం కదా, తింటే చర్మరోగాలు రావా అని.

ఈ ప్రశ్న ప్రతి శరదృతువులోనూ నా వద్దకు వస్తుంది. అవునని గాని, కాదని గాని ఒక్క మాటలో సమాధానం చెప్పే వైద్యుణ్ణి నమ్మవద్దని నేను మనవి చేస్తున్నాను. ఏ పండు, ఎంత పండినది, ఎంత వేడిగా ఉన్న పాలలో, ఎవరి కోసం అనే నాలుగు విషయాలు తెలియకుండా దీనికి సమాధానం లేదు.

శాస్త్రం ఏమన్నది?

చరకసంహిత సూత్రస్థానంలోని 26వ అధ్యాయం విరుద్ధాహారాన్ని వివరంగా చర్చించింది. పాలతో కలిపి తినరానివాటిని అక్కడ పేరుపేరునా లెక్కించారు. మామిడి, మాదీఫలం, వాక్కాయ, అరటి, రేగు, నేరేడు, వెలగ, పనస, కొబ్బరి, దానిమ్మ, ఉసిరిక మొదలైనవి ఆ పట్టికలో ఉన్నాయి. చివరకు, ద్రవమైనా ఘనమైనా పుల్లనిది ఏదైనా సరే పాలకు విరుద్ధమే అని ముగించారు. వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయంలో ఇంకొక అడుగు ముందుకు వేసి, పులుపుతోపాటు పండ్లనన్నిటినీ పాలతో విరుద్ధాల కోవలోనే చేర్చాడు.

ఇంతవరకు చదివినవారికి పెద్దల సందేహమే నిజమనిపిస్తుంది. అయితే అదే పట్టికను మరొకసారి చూడండి. అందులో అరటి ఉన్నది, కొబ్బరి ఉన్నది. సత్యనారాయణ వ్రతం చేసుకునే ప్రతి ఇంటిలోనూ గోధుమరవ్వ, నెయ్యి, చక్కెర, పాలతో అరటిపండు కలిపి ప్రసాదం చేస్తున్నాము. కొబ్బరికోరు వేయని పరమాన్నం మన విందులలో అరుదు. తరతరాలుగా ఈ ప్రసాదాలు తిన్నవారికి కీడు జరిగిన దాఖలా లేదు.

16వ శతాబ్దికి చెందిన భావమిశ్రుడు తన భావప్రకాశంలో ఈ చిక్కును వాదించకుండానే విప్పాడు. పాలతో కలిపిన మామిడిపండు వాతపిత్తాలను హరిస్తుందని, రుచిని, బలాన్ని, శరీరచ్ఛాయను పెంచుతుందని, అయితే అది గురువు, శీతలమని చెప్పాడు. కొబ్బరిని సన్నగా తరిగి ఆవుపాలలో చక్కెర, నెయ్యి చేర్చి మందాగ్నిపై వండే క్షీరిని కూడా వివరించాడు. చరకుడు వద్దన్న రెండింటిని భావమిశ్రుడు పథ్యంగా చెప్పడం శాస్త్రంలో వైరుధ్యం కాదు. మామిడి అంటే పుల్లని పిందె నుండి తేనెవంటి పండు వరకు అన్నీ మామిడే. వాటిలో ఏది పాలకు సరిపడుతుందో అనుభవం మీద తేల్చుకుంటూ వచ్చిన వైద్యపరంపర ఇది. పాలు మధురం, శీతవీర్యం. పులుపు ఉష్ణవీర్యం. ఈ రెండూ పరస్పరం ఎదురు నిలుస్తాయి. బాగా మాగి పులుపు పూర్తిగా పోయిన పండుకు పాలతో ఆ విరోధం ఉండదు. భావమిశ్రుని మాటను నేను ఇట్లాగే అర్థం చేసుకుంటున్నాను.

మరొక ముఖ్యమైన విషయాన్ని చాలామంది వదిలివేస్తారు. విరుద్ధాహారాన్ని అంత కఠినంగా నిషేధించిన చరకుడే, అది ఎవరిని బాధించదో కూడా ఆ అధ్యాయంలోనే చెప్పాడు. ఆకలి బలంగా ఉన్నవారిని, యౌవనంలో ఉన్నవారిని, వ్యాయామం చేసి బలంగా ఉన్నవారిని, నేయి నూనెలు తగినంత తినేవారిని, ఆ పదార్థానికి చిన్ననాటి నుండి అలవాటుపడినవారిని, కొద్దిగా మాత్రమే తిన్నవారిని అది పీడించదన్నాడు. నిషేధాన్ని కంఠస్థం చేసి ఈ మినహాయింపును మరచిపోవడం వల్లనే ఇళ్లలో భయాలు పెరిగాయి.

ఒక అపవాదు గురించి

ఆ భయాలలో ఒకటి కొన్ని కుటుంబాలను నిజంగా బాధపెడుతున్నది కనుక ఇక్కడ ఆగి చెప్పవలసి ఉన్నది. బిడ్డ ఒంటిమీద తెల్లమచ్చ కనపడగానే, కోడలు కడుపుతో ఉన్నప్పుడు పాలలో పండ్లు కలుపుకొని తిన్నది కనుకనే బొల్లి వచ్చిందని నింద మోపే ఇళ్లను నేను చూస్తూనే ఉన్నాను. ఆ తల్లి తలవంచుకొని కూర్చుంటుంది. వెంట వచ్చిన పెద్దలు ఆమె ఎదుటనే ఆ మాట నాతో అంటారు.

చరకసంహిత చికిత్సాస్థానంలో కిలాసానికి చెప్పిన కారణాలలో విరుద్ధాన్నం ఒకటి, నిజమే. అక్కడే అసత్యమాడటం, కృతఘ్నత, పూర్వజన్మ కర్మ కూడా కారణాలుగా చెప్పబడ్డాయి. వాటిని వదిలి పాయసాన్ని మాత్రం పట్టుకోవడం న్యాయం కాదు. పైగా ఆ అన్నం రోగి తిన్నది, రోగి తల్లి తిన్నది కాదు. చర్మానికి రంగునిచ్చే కణాలను శరీరంలోని రక్షణశక్తి తానే పొరపాటున నాశనం చేయడం వల్ల బొల్లి వస్తుందని నేటి వైద్యం నిర్ధారించింది. అది అంటువ్యాధి కాదు. తల్లి గర్భవతిగా ఉన్నప్పుడు తిన్న పండు దానికి కారణం కాదు. గురుకులంలో చదివిన నేను ఈ మాట చెప్పడానికి సంకోచించను. బిడ్డకు మచ్చ కనపడితే చర్మవైద్యునికి చూపించండి, తల్లిని విచారించకండి.

పాలు ఎందుకు విరుగుతాయి?

విరుద్ధమనే మాటను పక్కన పెట్టినా వంటింటిలో కంటికి కనిపించే విరోధం ఒకటి ఉన్నది. అది పాలు విరగడం. తాజా పాల ఆమ్లత సూచి, అంటే పి.హెచ్., సుమారు 6.6 ఉంటుంది. పులుపు చేరేకొద్దీ అది తగ్గుతుంది. 4.6 దగ్గరకు రాగానే పాలలోని కేసీన్ అనే మాంసకృత్తు గడ్డకట్టి నీటి నుండి వేరుపడుతుంది. పాలు వేడిగా ఉంటే అంతకంటే తక్కువ పులుపుకే విరిగిపోతాయి. అందువల్లనే చల్లని పాలలో కలిసిపోయిన మామిడి రసం మరుగుతున్న పాలలో పోయగానే ముక్కలు ముక్కలవుతుంది.

విరిగిన పాలు విషం కాదు. వంగదేశంవారు వేడి పాలను పులుపుతో కావాలనే విరిచి, నీటిని వడగట్టి, ఆ ముద్దతో రసగుల్లాలు చేస్తారు. కాని ఫలపాయసంలో విరుగు నీటితోపాటే ఉండిపోతుంది. రుచి చెడుతుంది, మందజఠరాగ్ని ఉన్నవారికి కడుపు బరువెక్కుతుంది.

పండును పరీక్షించే ఉపాయం సులువైనది. గాజుగ్లాసులో అరకప్పు వేడి పాలు పోసి, ఒక చెంచాడు గుజ్జు కలిపి, ఐదు నిమిషాలు కదపకుండా ఉంచండి. గ్లాసు గోడకు సన్నని పలుకులు అంటుకొని కనపడితే ఆ పండు పాయసానికి పనికిరాదు. మామిడి విషయంలో నాలుకతోనే తెలుసుకోవచ్చును. పైకండ తియ్యగా ఉన్నా టెంక దగ్గర పులుపు తగిలే కాయలు చాలా ఉంటాయి. టెంకను చీకి చూసిన తరువాతనే నిర్ణయించుకోవాలి.

ఏ పండు తగును?

వేసవిలో బంగినపల్లి, హిమాయత్ వంటి కండగల తియ్యని మామిడిపండ్లు పాయసానికి తగినవి. రసాలలో కొంత పులుపు మిగిలి ఉంటుంది గనుక వాటిని విడిగా తినడమే మేలు. కార్బైడ్ పెట్టి మాగవేసిన కాయకు పసుపుపచ్చని రంగు వస్తుంది గాని లోపలి పులుపు పూర్తిగా పోదు. పళ్లను కార్బైడ్‌తో మాగవేయడాన్ని ఆహార భద్రతా నిబంధనలు 2011లోనే నిషేధించాయి. అయినా అంగడిలో అప్రమత్తత అవసరం. కాయంతా ఒకే తీరుగా పచ్చబడి, వాసన లేకుండా, నొక్కితే గట్టిగా ఉంటే అనుమానించండి. కాయలను ఇంటికి తెచ్చి వరిగడ్డిలో నాలుగైదు రోజులు ఉంచితే తమంత తామే మాగుతాయి.

ఎండుఫలాలలో ఖర్జూరం, కిస్‌మిస్ చరకుని పట్టికలో లేవు. పండ్లన్నిటిలో ద్రాక్ష శ్రేష్ఠమని ఆయనే చెప్పాడు కూడా. తియ్యని కిస్‌మిస్‌ను నేతిలో వేయించి వేయడం మన ఆచారం. నల్లని పుల్ల కిస్‌మిస్ మాత్రం పాలను విరుస్తుంది. సపోటలో పులుపు లేదు, నిర్భయంగా కలపవచ్చును. అరటిపండు బాగా మాగినదైతే సరే. జలుబు తరచుగా చేసే పిల్లలకు మాత్రం రాత్రివేళ వద్దు.

అనాస, బొప్పాయి విషయం వేరు. పచ్చి అనాసలో బ్రోమెలైన్, బొప్పాయిలో పపేయిన్ అనే పాచకద్రవ్యాలు ఉన్నాయి. ఇవి మాంసకృత్తులను ఛేదిస్తాయి. పులుపు లేని బొప్పాయి కూడా పాలలో కొంతసేపు నానితే పాలు చేదెక్కడానికి ఇదే కారణం. అనాసను ఉడికిస్తే ఆ పాచకద్రవ్యం నశిస్తుంది గాని దాని పులుపు అట్లాగే ఉంటుంది. ఈ రెండూ పాయసంలో వేయదగినవి కావు. బత్తాయి, కమలా, ద్రాక్షపళ్లు, దానిమ్మ గింజలు కూడా అంతే. వాటిని భోజనానికి గంట ముందో వెనుకో విడిగా తినండి. మొక్కజొన్న పిండి, రంగు, వాసన కలిసిన కస్టర్డ్ పొడితో చేసి, ఈ పండ్లన్నిటినీ గుమ్మరించే చల్లని వంటకాన్ని పెళ్లివిందులలో పాయసం అని పిలవడం నాకు నచ్చదు. పేరు సంగతి అట్లా ఉంచినా, భోజనం చివర మంచులా చల్లగా తినడం అగ్నికి మంచిది కాదు.

పనసతొనలతో పాయసం చేయదలచినవారు మలయాళ దేశపు పద్ధతిని తెలుసుకోవాలి. అక్కడి చక్కప్రథమన్ పనసపండుతో చేస్తారు. అరటిపండుతోనూ ప్రథమన్ చేస్తారు. కాని వాటిలో ఆవుపాలకు బదులు కొబ్బరిపాలు, బెల్లం వాడతారు. చరకుడు పాలకు విరుద్ధమన్న రెండు పండ్లకూ పాలు లేని పాయసం కుదుర్చుకున్నారన్నమాట. కొంచెం పులుపు తగిలే పండు ఏదైనా ఇంటిలో ఉంటే ఈ మార్గమే ఉత్తమం. రెండవసారి, మూడవసారి పిండిన పలుచని కొబ్బరిపాలతో ఉడికించి, మొదటిసారి పిండిన చిక్కని పాలను దింపిన తరువాత కలపాలి.

సీతాఫలం ప్రత్యేకత

సీతాఫలం చరకునికి తెలియదు. దాని జన్మస్థానం అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాలు. పోర్చుగీసువారి రాకతో మన దేశానికి వచ్చి, సీతమ్మ పేరు పెట్టుకొని, తెలంగాణ గుట్టలలో స్వంతబిడ్డ వలె పెరిగింది. మహబూబ్‌నగర్ వైపు బాలానగర్ పండ్లకు దేశమంతటా పేరున్నది. శాస్త్రంలో లేని పండు గనుక దీని గుణాన్ని రుచినిబట్టి, ఫలితాన్నిబట్టి నిర్ణయించుకోవాలి. ఇది మధురం, శీతలం, గురువు. కఫాన్ని పెంచుతుంది, పిత్తాన్ని, దాహాన్ని శమింపజేస్తుంది. పులుపు లేశమైనా లేదు. శరదృతువులో సహజంగా ప్రకోపించే పిత్తానికి పాలు, సీతాఫలం రెండూ అనుకూలమే. అందువల్ల పాలకు సరిపడే పండు ఒక్కటి చెప్పమంటే నేను దీనినే చెబుతాను.

అయితే ఇందులో రెండు ప్రమాదాలు ఉన్నాయి. మొదటిది గింజ. సీతాఫలపు గింజలో క్రిమిసంహారకమైన విషపదార్థం ఉన్నది. నున్నని గింజ పొరపాటున కడుపులోకి పోతే అట్లాగే బయటికి వచ్చేస్తుంది. నలిగిన గింజ అట్లా కాదు. గుజ్జును గింజలతోసహా మిక్సీలో వేసి తిప్పడం చాలా ప్రమాదం. పేలు పోవడానికి ఈ గింజల పొడిని తలకు పట్టించే అలవాటు పల్లెలలో ఉన్నది. అది కంటిలో పడి నల్లగుడ్డు పుండుపడినవారు ఉన్నారు. ఆ వైద్యం చేయకండి.

రెండవది వేడి. సీతాఫలపు గుజ్జును సుమారు 65 డిగ్రీలకు మించి వేడి చేస్తే చేదెక్కుతుంది. పొయ్యిమీద ఉడుకుతున్న పాయసంలో గుజ్జు వేసి, పాయసం చేదయిందని పండును తిట్టుకునేవారు ఈ సంగతి గమనించాలి.

తయారు చేసే విధం

గురుకులంలో మాకు క్షీరపాకవిధి నేర్పేటప్పుడు ఔషధం ఒక భాగం, పాలు ఎనిమిది భాగాలు, నీరు ముప్పైరెండు భాగాలు పోసి, నీరంతా ఇగిరి పాలు మిగిలేవరకు కాచమనేవారు. నీరు కలిపి కాచినప్పుడు పాలు అడుగంటవు, ఔషధసారం పాలలోకి దిగుతుంది. పాయసానికి అంత నీరు అక్కరలేదు గాని సూత్రం ఒక్కటే. తొందరపడి పెద్దమంట మీద చిక్కబరచిన పాలు జీర్ణం కావడం కష్టం.

ఎనిమిదిమందికి ఒక లీటరు పాలు, 60 గ్రాముల బియ్యం, 120 గ్రాముల బెల్లం, రెండు పెద్ద సీతాఫలాల నుండి వచ్చే పావుకిలో గుజ్జు, రెండు చెంచాల నెయ్యి, నాలుగు ఏలకులు, రెండు చిటికెల శొంఠిపొడి చాలును. చక్కెరగాని, కోవాగాని అవసరం లేదు. గేదెపాలు ఆవుపాలకంటే గురువు, శీతలం, నిద్రను కలిగిస్తాయి, అత్యగ్ని ఉన్నవారికి హితవు అని చరకుడు చెప్పాడు. ఇంటిలో వృద్ధులు, పిల్లలు ఉంటే ఆవుపాలుగాని, 3 శాతం వెన్న ఉండే టోన్డ్ పాల పాకెట్‌గాని తీసుకోండి. గేదెపాలే ఉంటే మీగడ తీసి వాడండి.

బియ్యం ఏడాది దాటిన పాతవి లఘువు, కొత్తవి గురువు. మన ప్రాంతపు చిట్టిముత్యాలు చిన్నగా, సువాసనగా ఉండి పాశానికి మిక్కిలి యోగ్యమైనవి. అవి దొరకకపోతే ఇంటిలో వాడే సన్నబియ్యమే చాలు. బియ్యాన్ని కడిగి అరగంట నానబెట్టి, నీరు వార్చి, ఒక చెంచా నేతిలో గింజ తెల్లబడేవరకు దోరగా వేయించాలి. నేయి పట్టిన బియ్యాన్ని సగం కాగిన పాలలో వండమని భావమిశ్రుడు చెప్పిన విధి ఇదే. గింజ మెత్తబడుతుంది గాని ముద్ద కాదు.

కళాయి పూసిన ఇత్తడి తపేలాగాని, అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నెగాని తీసుకొని, లీటరు పాలలో పావులీటరు నీరు పోసి కాచాలి. పొంగు వచ్చిన తరువాత మంట బాగా తగ్గించి బియ్యం వేయాలి. ముప్పై అయిదు నలభై నిమిషాలపాటు మధ్యమధ్య తెడ్డుతో అడుగును కలుపుతూ, అంచుకు కట్టిన మీగడను లోపలికి తోస్తూ ఉండాలి. గింజను రెండు వేళ్ల మధ్య నొక్కితే పలుకు తగలకుండా నలిగిపోవాలి. అప్పుడు శొంఠిపొడి, దంచిన ఏలకులు వేసి దింపాలి. పాలకు, పండుకు ఉన్న గురుత్వాన్ని, కఫకరత్వాన్ని శొంఠి తగ్గిస్తుంది. దీనిని రుచికోసం వేసే మసాలాగా భావించి వదిలివేయకండి. పచ్చకర్పూరం వేసే అలవాటు ఉన్నవారు దానిని మానడం మంచిది. పూజాకర్పూరాన్ని పచ్చకర్పూరమనుకొని వేసేవారు ఉన్నారు. కర్పూరం లోపలికి పోతే పసిపిల్లలకు మూర్ఛలు రావచ్చును.

మేడారం జాతరలో సమ్మక్క సారలమ్మలకు బెల్లాన్ని బంగారమని పేరుపెట్టి నిలువెత్తు సమర్పించే ప్రాంతం మనది. అయినా పాయసానికి మెరిసే పసుపుపచ్చని బెల్లాన్నే ఏరుకుంటాము. తెల్లబడటానికి రసాయనాలు కలిపిన బెల్లం ఆ రంగులో ఉంటుంది. ముదురు గోధుమరంగు బెల్లం కొనండి. శాస్త్రం కూడా పాతబెల్లాన్నే మెచ్చుకున్నది. బెల్లంలో స్వల్పంగా పులుపు ఉంటుంది గనుక ఉడికే పాలలో వేస్తే పాలు విరుగుతాయి. అరకప్పు నీటిలో విడిగా కరిగించి, ఇసుక, చెరకుపీచు పోయేటట్లు వడగట్టి, గోరువెచ్చగా కానివ్వాలి. పాయసం దింపి పదినిమిషాలు ఆరిన తరువాత కొద్దికొద్దిగా కలపాలి. తేనె వేయదలచేవారు కూడా ఉన్నారు. వేడిపదార్థంలో తేనె కలపరాదని శాస్త్రం చెబుతున్నది. ఏడాది నిండని బిడ్డకు తేనె ఏ రూపంలోనూ ఇవ్వకూడదు.

ఇక పండు. మెత్తగా మాగిన సీతాఫలాన్ని విప్పి, గుజ్జును పెద్దకన్నుల జల్లెడలో వేసి, శుభ్రమైన చేతితో మెల్లగా రుద్దితే గింజలు పైన మిగిలిపోతాయి. చర్మానికి అంటుకొని ఉండే ఇసుకవంటి పలుకులను తీసుకోవద్దు. గుజ్జును వేళ్లతో మరొకసారి వెదకి చూడండి. పాయసంలో వేలు ముంచి హాయిగా ఉంచగలిగినంత చల్లారిన తరువాత గుజ్జు వేసి రెండుమార్లు మాత్రం కలపండి. మిగిలిన చెంచా నెయ్యి పైన వేయండి. ఆ తరువాత మళ్లీ పొయ్యి ఎక్కించకూడదు.

ఎవరికి ఎంత?

"బెల్లంతో చేసినదే గదా, పండే గదా, మధుమేహానికి ఫరవాలేదు" అనే మాట ప్రతి ఇంటిలోనూ వినపడుతున్నది. పై కొలతలనే లెక్కవేద్దాము. వంద గ్రాముల సీతాఫలపు గుజ్జులో సుమారు 23 గ్రాముల పిండి, చక్కెర పదార్థాలు ఉంటాయి. బెల్లంలో అధికభాగం చక్కెరే. బియ్యం, పాలు కూడా కలుపుకుంటే ఒక్కొక్క గిన్నెకు 30 గ్రాములకు పైగా వస్తుంది. అన్నం మీద అదనంగా ఇది. బెల్లమైనా చక్కెరయినా రక్తంలోకి చేరేది ఒక్కటే. మధుమేహం అదుపులో ఉన్నవారు పండుగనాడు రెండు మూడు చెంచాలు రుచి చూసి, ఆ పూట అన్నం తగ్గించుకోవచ్చును. అదుపులో లేనివారు ముట్టకూడదు. తాతగారి వంతుకు బెల్లం తగ్గించి చేశామని గిన్నెడు పెట్టడం ప్రేమ కావచ్చు గాని హితం కాదు.

జ్వరంలోను, దగ్గు, ఉబ్బసం, జలుబు ఉన్నప్పుడు, విరేచనాలు అవుతున్నప్పుడు, ముందు తిన్నది అరగక తేన్పులు వస్తున్నప్పుడు పాయసం పెట్టవద్దు. పాలు తాగితే కడుపు ఉబ్బి మెలిపెట్టే శరీరతత్వం కొందరిది. అటువంటివారికి కొబ్బరిపాల పాయసమే తగినది. పాలు గాని, కొత్తపండు గాని తిన్న కొద్దిసేపటికే బిడ్డకు దద్దుర్లు, పెదవుల వాపు, వాంతి కనపడితే అది విరుద్ధాహారమా కాదా అని చర్చిస్తూ కూర్చోవద్దు. వెంటనే వైద్యుని వద్దకు తీసుకొని వెళ్లండి. మార్గశిరం వచ్చి చలి ముదిరిన తరువాత సీతాఫల పాయసాన్ని ఆపి, ఖర్జూరంతో చేసుకోవడం మేలు.

పూర్వం బంతిభోజనంలో విస్తరివేసిన వెంటనే పరమాన్నం వడ్డించేవారు. ఆకలి బలంగా ఉన్నప్పుడే గురువైన, మధురమైన పదార్థాన్ని తినాలన్నది దానిలోని యుక్తి. ఇప్పుడు కడుపునిండా తిన్న తరువాత చివర తెచ్చి పెడుతున్నారు. ఫలపాయసాన్ని భోజనం మొదట, చిన్నగిన్నెలో, మధ్యాహ్నం పూట తినండి.

మిగిలితే ఎట్లా అన్నది గృహిణులు తప్పక అడిగే ప్రశ్న. అతిథులు ఎంతమంది వస్తారో తెలియనప్పుడు గుజ్జును మొత్తం పాయసంలో ఒకేసారి కలిపివేయకండి. పాలపాయసాన్ని వేరుగా, గుజ్జును మూతగిన్నెలో వేరుగా ఉంచి, వడ్డించేటప్పుడు గిన్నెగిన్నెకు రెండు చెంచాల చొప్పున కలపండి. మిగిలిన పాలపాయసాన్ని రెండుగంటలు దాటకుండా ఫ్రిజ్‌లో పెట్టి, మరునాడు కొద్దిగా పాలు పోసి, సన్నని సెగమీద కలుపుతూ బాగా వేడిచేసుకోవచ్చును. పండు కలిపినది అదే పూట అయిపోవాలి.